అయ్యవార్ల చిత్తం

పల్లెపాలెం,
18 జూన్ 1959.

చిరంజీవి తమ్ముడు చిన్నపోలయ్యకు అక్క పోలేరమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ బాగున్నాము. చేపల వేట మధ్యస్తంగా ఉంది. నీ కూతురు కొండమ్మ ఎనిమిది గట్టెక్కింది. తొమ్మిదిలో చేరుస్తున్నాను.

టౌను బడికి పేరు మార్చినారు. బహుళార్థసాధక ఉన్నత పాఠశాల అంట. బోర్డు చాలక రెండు వరుసలుగా రాసినారు. ఇకనుంచి పిల్లలందరికీ ఒకటే చదువు కాదు. వ్యవసాయం, ఇంజనీరింగు, టైపు, గృహవిజ్ఞానం అని నాలుగు దారులు. మన పాలెం నుంచి పోయే నలుగురు పిల్లలకూ పుస్తకాలూ మధ్యాహ్నం అన్నమూ బడివాళ్ళే ఇస్తారు. ఏ పిల్లకు ఏ చదువు సరిపోతుందో చూసేందుకు ఆనందకుమారి అనే టీచరమ్మను ప్రత్యేకంగా వేసినారు.

ఫారాలు వచ్చినాయి. నలుగురివీ నేనే నింపినాను. దీపం పెట్టి, గంగమ్మకు దండం పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క కొట్టివేత లేదు.

మద్రాసు నుంచి ఏం తెమ్మంటావని అడిగినావు. నీ చిత్తం.

అక్క,
పోలేరమ్మ.


మద్రాసు, హార్బరు లైన్లు,
27 జూన్ 1959.

అక్కకు చిన్నపోలయ్య నమస్కారాలు.

నీ కార్డు చేరింది. మా లాంచీలో ఇంజను చూసే దావీదుకు చదివి వినిపించినాను. బడి పేరు రెండో వరుస దాకా వచ్చేసరికి ఆయనకు నవ్వు ఆగలేదు. "అంత పొడుగు పేరున్న బడిలో చదివితే పిల్ల కలెక్టరు కాక ఏమవుతుందిరా" అన్నాడు.

కలెక్టరు వద్దులే అక్కా, టైపు చాలు. ఇక్కడ పోర్టు ఆఫీసులో ఒక అమ్మాయి ఉంది. వాళ్ళ నాయన మనలాగే వల మనిషి. ఆ అమ్మాయి మిషను వైపు చూడకుండానే కొడుతుంది. కాగితాలు పట్టుకుని ఓడల దగ్గరికి పోవాల్సి వస్తే మా లాంచీలోనే ఎక్కుతుంది. మొదటిసారి నేను చెయ్యి అడ్డం పెట్టబోయినాను, ఆడమనిషి పడవెక్కుతుందే అని. దావీదు నా చెయ్యి తీసేసినాడు. "ఇది మీ పాలెం తెప్ప కాదురా, గవర్నమెంటు లాంచీ. దీనికి మైల లేదు" అన్నాడు.

పోయిన సెలవల్లో కొండమ్మ వచ్చినప్పుడు ఆ మిషను చూపించినాను. తిరుగు రైలు ఎక్కేదాకా ఒళ్ళో వేళ్ళు ఆడిస్తూనే ఉంది. నీకు చెప్పే ఉంటుంది.

నీ చిత్తం అంటావు. పోయినసారి నా చిత్తప్రకారం తెచ్చిన గొడుగు ఇప్పటికీ విప్పలేదంట. ఏం కావాలో నోరు తెరిచి చెప్పక్కా, నీకు పుణ్యం ఉంటుంది.

తమ్ముడు,
చిన్నపోలయ్య.


పల్లెపాలెం,
27 జూలై 1959.

చిరంజీవి చిన్నపోలయ్యకు ఆశీస్సులు.

కొండమ్మకు టైపు రాలేదు. సీట్లు నిండిపోయినాయి. గృహవిజ్ఞానంలో వేసినారు. కుట్టు, వంట, పసిబిడ్డల పెంపకం నేర్పుతారు. అదీ మంచి చదువే.

గంగులయ్య కొడుకు ఇంజనీరింగు అనుకున్నాడు. వాణ్ణి వ్యవసాయంలో వేసినారు. "మావాడు రేపటి నుంచి అలల మీద వరి నాటుతాడంట, కోతకు అందరూ రండి" అని గంగులయ్య పాలెమంతా చెప్పి నవ్విస్తున్నాడు.

మధ్యాహ్నం అన్నం బాగుందని పిల్లలు చెప్పినారు. వారంలో రెండు రోజులు పప్పు.

కొండమ్మ ఏడవలేదు.

అక్క.


మద్రాసు,
4 ఆగస్టు 1959.

అక్కా,

సీట్లు నిండినాయా? ఎవరితో నిండినాయి? మన పిల్లలు నలుగురు పోతే ఒక్కరికీ అడిగింది రాలేదా? సముద్రంలో పుట్టినవాడికి నాగలి ఇచ్చినారా? వలోళ్ళ పిల్లకు మిషను ఎందుకు, గరిటె చాలు అనుకున్నారు. ఇందులో తెలియనిది ఏముంది?

నేను ఊరుకోను. దావీదు చేత ఇంగ్లీషులో అర్జీ రాయించినాను. పిల్లల బాగు చూసేందుకు వేసిన ఆ ఆనందకుమారి టీచరే మన పిల్లలను కావాలని తొక్కిపెట్టిందని రాయించినాను. దావీదు కొంచెం మెత్తగా రాద్దామన్నాడు. నేనే ఒప్పుకోలేదు. రేపు పొద్దున పై ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పోతుంది.

నువ్వు నోరు లేనిదానివి. నీ తరఫున కూడా నేనే అడుగుతున్నాననుకో.

చిన్నపోలయ్య.


పల్లెపాలెం,
8 ఆగస్టు 1959.

చిన్నపోలయ్యకు,

అర్జీ పంపవద్దు. పంపి ఉంటే వెనక్కి తీసుకో. టీచరమ్మ తప్పు లేదు. ఇంతకంటే కార్డు మీద రాయలేను.

అక్క.


మద్రాసు,
24 ఆగస్టు 1959.

అక్కకు,

నీ కార్డు వచ్చేసరికే అర్జీ పోయింది. తీసుకున్నట్టు సంతకం కూడా తిరిగి వచ్చింది. ఏందక్కా దాస్తున్నావు? నిన్ను ఎవరైనా బెదిరించినారా? మూడు ముక్కలు రాసి వదిలేస్తే నేను ఇక్కడ ఏమనుకోను?

కొండమ్మ ఉత్తరం రాసింది. టైపు గురించి ఒక్క మాట లేదు. "నాయనా, అత్తకు కళ్ళు ఆనడం లేదు. కళ్ళజోడు పంపు. తొందరగా పంపు" అని అంతే. తొందర అనే మాట కింద గీత గీసింది. నీకు కళ్ళు ఎప్పటి నుంచి బాగాలేవు? నాకు చెప్పకపోతివే!

నీ వయసు చెప్పి ఒక జత కొన్నాను. పార్సిలు పంపుతున్నాను. సరిపోకపోతే రాయి, మారుస్తాను.

చిన్నపోలయ్య.


పల్లెపాలెం,
6 సెప్టెంబరు 1959.

చిన్నపోలా,

ఇది పోస్టుమాను చదవకూడదని కవరు కొన్నాను. నువ్వు కూడా దావీదుకు వినిపించవద్దు.

కళ్ళజోడు అందింది. ఈ కవరుతో పాటే తిరిగి పంపుతున్నాను. నా కళ్ళకు ఏ లోపమూ లేదు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాను.

ఫారంలో ఆఖరున ఒక గడి ఉంది. విద్యార్థి కోరు ఐచ్ఛికము అని అచ్చు వేసినారు. ఏ చదువు కావాలో అందులో రాయాలి. కొండమ్మ నా పక్కనే కూర్చుని "అత్తా, టైపు అని రాయి" అన్నది. నేను రాయలేదు. పెద్దవాళ్ళు ఏం కావాలని అడిగితే, ఫలానాది కావాలని ఎగబడి చెప్పడం మర్యాద కాదని నాయన మనకు నేర్పినాడు. ఒడ్డున చేపల వాటాలు పంచేటప్పుడు కూడా ఆయన చెయ్యి చాచేవాడు కాదు. మీ చిత్తం అని పక్కకు తిరిగి నిలబడేవాడు. గంగమ్మ ముందు కూర్చుని నేను కూడా ఇది ఇయ్యి తల్లీ అని ఎన్నడూ అడగలేదు. అందుకని ఆ గడిలో "అయ్యవార్ల చిత్తం" అని రాసినాను. నాలుగు ఫారాల్లోనూ అదే. అక్షరాలు బాగా కుదిరినాయని మురిసినాను కూడా.

అయ్యవార్లు తమ చిత్తం వచ్చినట్టే చేసినారు. ఖాళీ ఉన్నచోట వేసినారు.

జూలై ఇరవై రెండు, బుధవారం, ఆనందకుమారి టీచరమ్మ పాలెం వచ్చింది. ఎండలో, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచి వచ్చింది. నాలుగు ఫారాలూ తెచ్చి "ఈ చేతిరాత ఎవరిది?" అని అడిగింది. మిగతా పిల్లల తల్లిదండ్రులందరూ అక్కడే ఉన్నారు. గంగులయ్య ముందుకు వచ్చినాడు.

"ఎవరిదేంది టీచరమ్మా, మా పోలేరమ్మది. ఈ పాలెంలో అచ్చరం అంటే ఆమే. చూడండి, గవ్వలు పేర్చినట్టు లేదూ!"

"రాత బాగుంది. కానీ పిల్లలకు ఏం కావాలో ఇందులో లేదు" అన్నది ఆమె. "టైపులో చేరిన ఒక అమ్మాయి మానేసింది. ఇంజనీరింగులో కూడా ఒక సీటు ఉంది. హెడ్మాష్టరుగారిని బతిమాలి శనివారం దాకా ఆపించినాను. ఇది పొరపాటైతే, రాసినవాళ్ళు వచ్చి పొరపాటని సంతకం పెట్టాలి. అంతే."

అందరూ నా వైపు చూసినారు.

"పొరపాటేం లేదు. ఆలోచించే రాసినాను" అన్నాను.

ఈ మాట నా నోటినుంచి వచ్చింది తమ్ముడా. ఎందుకు వచ్చిందంటే గంగులయ్య అప్పుడే నన్ను పొగిడినాడు. అంతకు మించి కారణం లేదు.

అప్పుడు కొండమ్మ "అత్తకు కళ్ళు ఆనవు టీచర్. గడి సరిగా కనపడి ఉండదు. మా నాయనకు రాసి కళ్ళజోడు తెప్పిస్తాను" అన్నది. పద్నాలుగేళ్ళ పిల్ల, నేను పరువుగా బయటపడేందుకు సందు చూపించింది. ఆ సందులోంచి కూడా నేను రాలేదు.

శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను. పని ఏమీ లేదు. వాకిలి రెండుసార్లు ఊడ్చినాను. సాయంత్రం కొండమ్మ బడి నుంచి వచ్చి, "అన్నం పెట్టేదా అత్తా" అని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

సీట్లు నిండినాయని నీకు రాసింది సోమవారం నాడు. అప్పటికి నిజంగానే నిండినాయి. అబద్ధం నిజమయ్యేదాకా ఆగి రాసినాను.

ఇప్పుడు నీ అర్జీ మీద టీచరమ్మను సంజాయిషీ అడిగినారు. పద్నాలుగో తేదీ పై ఆఫీసరు విచారణకు వస్తాడు. తప్పు తేలితే ఈ పని నుంచి ఆమెను తీసేస్తారని చెప్పుకుంటున్నారు. ఆ రోజు నేను పోతాను. చెపుతాను. కానీ అంతకుముందు పాలెంలో చెప్పాలి కదా. గంగులయ్యకు ఏ ముఖం పెట్టుకుని చెప్పేది?

నెల రోజులుగా దీపం పెడుతున్నాను. కూర్చుంటున్నాను. ప్రార్థన రావడం లేదు.

నన్ను తిట్టి రాయి.

అక్క.


మద్రాసు,
10 సెప్టెంబరు 1959.

అక్కకు,

తిట్టమన్నావు. తిట్టేందుకు కూర్చుని నాలుగు కాగితాలు చింపినాను. కోపం లేదని చెప్పను. కొండమ్మ సీటు పోయింది. ఆ కోపం ఉంది, కొన్నాళ్ళు ఉంటుంది.

కానీ ముందు నా సంగతి. ముఖం చూడని ఆడమనిషి మీద నింద మోపినాను. ఆమె మన పిల్లల కోసం ఎండలో నడిచి వచ్చిన పదిహేను రోజులకు నేను ఇక్కడ కూర్చుని ఘాటుగా రాయి, ఇంకా ఘాటుగా రాయి అని దావీదు వెంటపడినాను. ఒక్క ఉత్తరం నీకు రాసి, సంగతేందని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగలేకపోయినాను. ఇంగ్లీషు వద్దని ఈసారి తెలుగులోనే, నా చేత్తోనే, అర్జీ తప్పని రాసి ఈ రోజు రిజిస్టరు చేసినాను. ఆమెకు వేరుగా ఒకటి రాయబోయినాను. అమ్మా అని రాసి ఆగిపోయినాను. ఇంకా జేబులోనే ఉంది.

ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. బావ పోయినప్పుడు నాకు పదేళ్ళు. పెద్దలు మీ అత్తగారి వాకిట్లో కూర్చుని నిన్ను అడిగినారు. ఇక్కడే ఉంటావా, పుట్టింటికి పోతావా, మళ్ళీ మనువు చేసుకుంటావా అని మూడూ అడిగినారు. నేను తడిక వెనక నిలబడి ఉన్నాను. పుట్టింటికి అను, పుట్టింటికి అను అని లోపల గొణుక్కుంటున్నాను. నువ్వు మీ చిత్తం అన్నావు. వాళ్ళ చిత్తప్రకారం ఆ ఇంట్లో పన్నెండేళ్ళు చేపలు ఎండబెట్టినావు. పోలేరమ్మ ఎంత మర్యాదస్తురాలో అని అందరూ మెచ్చుకుంటే నేను కూడా మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఏడుపు వస్తున్నది.

పాలెంలో చెప్పి పో. గంగులయ్య నాలుగు మాటలంటాడు. అననీ.

చిన్నపోలయ్య.


పల్లెపాలెం,
20 సెప్టెంబరు 1959.

చిరంజీవి చిన్నపోలయ్యకు ఆశీస్సులు.

పదమూడో తేదీ వలలు ఆరేసేచోట మిగతా ముగ్గురు పిల్లల తల్లిదండ్రులనూ పిలిచి చెప్పినాను. నిలబడి చెప్పినాను. తర్వాత గంగులయ్య అన్నాడు. "మావాడు నాగలి పట్టేది నీ మర్యాద కోసమా పోలేరమ్మా? ఆ మర్యాద ఏదో నీ దగ్గరే పెట్టుకుని, వాడికి ఇంజను ఇచ్చి ఉండొచ్చు కదా." నవ్వకుండా అన్నాడు. గంగులయ్య నవ్వకుండా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

మర్నాడు బడికి పోయినాను. హెడ్మాష్టరు హెబ్రోనుగారి గదిలో ఆఫీసరు కూర్చున్నాడు. టీచరమ్మ నిలబడి ఉంది.

"ఎవరి తరఫు సాక్షివమ్మా?" అని ఆఫీసరు అడిగినాడు.

"సాక్షిని కాదయ్యా. రాసింది నేను" అన్నాను.

ఫారం నా చేతికిచ్చి చదవమన్నాడు. కళ్ళజోడు కావాలా అని కూడా అడిగినాడు. వద్దన్నాను. "అయ్యవార్ల చిత్తం" అని పైకి చదివినాను. నాలుగు ఫారాలు, నాలుగుసార్లు చదివించినాడు.

"ఇట్టా ఎందుకు రాసినావు?"

"మర్యాద అనుకున్నానయ్యా."

హెబ్రోనుగారు మెల్లగా అన్నారు. "అమ్మా, ఆ గడి మేము మర్యాద కోసం పెట్టలేదు. పిల్ల మనసు తెలుసుకునేందుకు పెట్టినాము."

టీచరమ్మ మీద ఏ మచ్చా లేకుండా కాగితం రాసినారు. నీ రెండో ఉత్తరం కూడా చేరింది. బయటికి వచ్చినాక ఆమె కాళ్ళు పట్టుకోబోయినాను. వెనక్కి జరిగింది. "శనివారం సాయంత్రం అయిదు దాకా ఆఫీసు గది ముందు కూర్చున్నానమ్మా, మీరు వస్తారేమోనని" అన్నది. అంతే అని లోపలికి పోయింది.

ఈ సంవత్సరం చదువు మార్చేందుకు వీలు లేదు. కొండమ్మ గృహవిజ్ఞానంలోనే ఉంటుంది. గంగులయ్య కొడుకు వ్యవసాయంలోనే. కానీ అన్నం విరామంలో అరగంట మిషను ఖాళీగా ఉంటుందంట. ఆ అరగంట కొండమ్మను కూర్చోనిచ్చేందుకు టీచరమ్మ హెడ్మాష్టరుగారిని అడిగింది. నేను అడగలేదు. టీచరమ్మను కొండమ్మే అడిగింది.

అన్నం తొందరగా తిని పోతున్నానంటుంది. తిన్నదో లేదో కనుక్కోలేదు.

అక్క.


మద్రాసు,
30 మే 1960.

అక్కకు నమస్కారాలు.

జూన్ ఆఖరుకు నాలుగు రోజులు సెలవు దొరికింది. వస్తున్నాను. టీచరమ్మకు రాయబోయి ఆగిన ఉత్తరం పూర్తి చేసినాను, ఇంకా నా దగ్గరే ఉంది. ఈసారి చేతికే ఇస్తాను, తిడితే పడతాను.

ఏం తెచ్చేది? ఈసారి చిత్తం అన్నావంటే ఉత్తచేతులతో దిగుతాను. దావీదు మీద ఒట్టు.

చిన్నపోలయ్య.


పల్లెపాలెం,
12 జూన్ 1960.

చిరంజీవి చిన్నపోలయ్యకు అక్క ఆశీస్సులు.

కవరు మీద అడ్రసు చూసినావు కదా. కొండమ్మ మిషను మీద కొట్టింది. నీ పేరులో ఒక అక్షరం తప్పు పడిందని ఇంకో కవరు తెమ్మన్నది. నేనే వద్దన్నాను. డిసెంబరులో టైపు పరీక్షకు కడుతుంది.

ఈ ఏడు పాలెం నుంచి ఏడుగురు పిల్లలు తొమ్మిదికి పోతున్నారు. ఫారాలు నా దగ్గరికి రావనుకున్నాను. రాకపోయి ఉంటే బాగుండేది. మొదటి ఫారం గంగులయ్యే తెచ్చినాడు, రెండో కూతురిది. "రాయి పోలేరమ్మా. ఈసారి అయ్యవార్లను మాత్రం కాస్త పక్కన కూర్చోబెట్టు" అన్నాడు. తర్వాత నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు వచ్చినాయి. కళ్ళు ఆనడం లేదా అని అడిగినాడు.

ఇప్పుడు ఆ ఆఖరి గడి ముందు నింపుతాను. పిల్ల నాయనను అడగను, పిల్లను అడుగుతాను. చెప్పేదాకా కాచుకుని కూర్చుంటాను. ఒక పిల్ల సిగ్గుపడి మీ ఇష్టం పెద్దమ్మా అన్నది. ఆ పిల్లను రెండు రోజులు తిప్పినాను. మూడో రోజు చెప్పింది.

ఫారాలు నేనే తీసుకుపోయి టీచరమ్మకు ఇచ్చినాను. ఏడు గడులూ చూసింది. "కూర్చోండి" అని కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు. ఆమె ఎదుట కూర్చునేందుకు నాకు ఇంకా ముఖం లేదు. నువ్వు వచ్చినప్పుడు ఇద్దరం కలిసి పోదాము.

ఏం కావాలని అడిగినావు. వారం రోజులు ఆలోచించినాను.

నాకు మీ లాంచీ ఎక్కాలని ఉంది.

యాభై అయిదేళ్ళు సముద్రం పక్కన బతికినాను. కాలవ దాటించే బల్లకట్టు తప్ప ఏదీ ఎక్కలేదు. మన తెప్పల మీద ఆడమనిషి కాలు పెట్టకూడదు. మీ లాంచీకి ఆ పట్టింపు లేదని నువ్వే రాసినావు. నాయన పోయిందీ, మీ బావ పోయిందీ, పాలెంలో మగవాళ్ళందరూ రోజూ పొద్దున పోయేదీ అక్కడికే. అక్కడి నుంచి చూస్తే ఒడ్డు ఎట్టా ఉంటుందో చూడాలి. సెలవు అయినాక నన్ను వెంట తీసుకుపో.

గంగమ్మ ముందు కూడా ఈ మాటే చెప్పినాను. ఇది ఇయ్యి తల్లీ అన్నాను. సిగ్గేసింది. అయినా అన్నాను.

ఉత్తచేతులతోనే రా.

అక్క,
పోలేరమ్మ.

కొండమ్మ కూడా వస్తుంది. అడిగినాను. వస్తానన్నది.